చూసినవాళ్ల మాట వినండి: సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లకు బహిరంగ లేఖ



2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో ఆకాశం నుంచి ఒక వింత వస్తువు దిగింది. మనుషులు కూర్చునేటంత పెద్ద డబ్బా చేలల్లో వాలింది. లోపల ఎవరున్నారో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ల జనం బండ్లేసుకుని వచ్చారు. కొందరు భయపడి దూరంగానే నిలబడ్డారు. కొందరు దగ్గరికి పోయి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఆ పొద్దున హైదరాబాద్ మీద కూడా ఆకాశంలో తెల్లటి చుక్కలాంటిదొకటి మెరుస్తూ కనబడింది. ఏలియన్లు వచ్చారన్న ముచ్చట ఫోన్లలో ఊరూరూ తిరిగింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, జనాన్ని అంతరిక్షం అంచుల దాకా విహారానికి తీసుకుపోవాలన్న ఆలోచనతో తయారు చేసిన క్యాప్సూల్ అది. లోపల ఎవరూ లేరు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం నుంచి పరీక్ష కోసం ఎగరేశారు. దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం చేసి, పారాచూట్ సాయంతో మొగిలిగుండ్ల చేలల్లో దిగింది. చూసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది నిజంగా ఉన్న వస్తువే. అదేమిటో ముందుగా వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

వస్తువు కనబడిన క్షణానికీ, దాని పేరు తెలిసిన క్షణానికీ నడుమ కొన్ని గంటలు గడిచాయి. ఈ లేఖ ఆ గంటల గురించే. ఆ సమయంలో ఊరికి తోడుగా ఎవరు నిలబడాలి? మొగిలిగుండ్లలో పట్టపగలు కావడం అదృష్టం. అదే వస్తువు ఉండ్రుగొండ గుట్టల్లో చీకటి పడ్డాక దిగితే? మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డు వైపు పోయే ఏ పల్లె పొలిమేరలోనో, కోదాడ పక్కన మోటారు వేయడానికి వెళ్లిన రైతు కళ్లముందో దిగితే?

ఇది ఊరికే ఊహించుకుని అడుగుతున్న మాట కాదు. హైదరాబాద్ కేంద్రం నుంచి అర్ధ శతాబ్దంగా బెలూన్లు ఎగురుతున్నాయి. పలుచటి పాలిథిన్‌తో చేసిన ఆ బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల అడ్డకొలతతో, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. ఎక్కువగా చలికాలం మొదలు వేసవి దాకా, రాత్రి 8 నుంచి ఉదయం 6.30 మధ్యన వదులుతారు. కొన్ని గంటలకు పరికరాలు పెద్ద పెద్ద రంగు పారాచూట్లతో నేలకు దిగుతాయి. గాలివాటాన్ని బట్టి 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో కూడా పడొచ్చు. ఆ కొలత ప్రకారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ దగ్గరి ఊళ్లే. పెట్టెల మీద చిరునామా, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. ఎవరికైనా దొరికితే ముట్టకుండా పోలీసులకో, తహసీల్దారుకో చెప్పాలని, కొన్ని పరికరాల్లో ఎక్కువ వోల్టేజీ కరెంటు ఉండవచ్చని, కబురు చెప్పినవాళ్లకు బహుమతి కూడా ఇస్తామని ఆ కేంద్రం ప్రకటిస్తుంటుంది. పద్ధతి మంచిదే. కానీ ఆ ప్రకటన పత్రికలో ఓ మూల అచ్చయి అక్కడే ఆగిపోతుంది. తెల్లవారుజామున పొలానికి పోయే మనిషి దాకా అది చేరడం లేదు.

భయపడ్డ మనిషికి ఇవాళ రెండే దారులు మిగిలాయి. ఊళ్లో చెబితే నవ్వుతారు. నవ్వకపోతే ఎవరో మైకు పట్టుకుని వచ్చి, ఆ మనిషి చెప్పిన మాటకు పది మాటలు కలిపి, భయం పుట్టించే సంగీతం పెట్టి వీడియో చేస్తారు. మూడో దారి సర్కారు తెరవాలి. ఆ దారి ఎందుకు అవసరమో చెప్పడానికి ఇక్కడి నుంచి చాలా దూరం, దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి పోవాలి.

అమెజాన్ అడవిలో నానాయ్ అనే నది ఉంది. ఆ పక్కన ఇకీటూ ఆదివాసీల ఊళ్లు. 2023 జులైలో వాళ్లు రాత్రుళ్లు నిద్ర మానేశారు. రెండు మీటర్ల పైన ఎత్తు, నల్లటి ముసుగు, నేలకు ఆనకుండా గాల్లో తేలుతూ వచ్చే ఆకారాలు ఊరి మీద పడుతున్నాయని, తుపాకీతో కాల్చినా వాటికి తగలడం లేదని చెప్పారు. స్పానిష్‌లో వాటికి పెట్టుకున్న పేరు ‘పెలాకరాస్’, అంటే ముఖం చెక్కేసేవాళ్లు. 15 ఏళ్ల అమ్మాయికి మెడ మీద గాయమైంది. మగవాళ్లు వంతులవారీగా కాపలా కాశారు. అడవిలో ఏలియన్ల దాడి అనే శీర్షికతో ఆ వార్త ప్రపంచమంతా పాకింది. చదివినవాళ్లలో ఎక్కువమంది నవ్వుకుని పేజీ తిప్పారు.

అయితే పెరూ నౌకాదళం, పోలీసులు, ప్రాసిక్యూటర్లు నది మీద గంటల తరబడి ప్రయాణించి ఆ ఊళ్లకు వెళ్లారు. ఊరివాళ్ల మాట విన్నారు. విచారణ జరిపిన ప్రాసిక్యూటరు అనుమానం అక్రమ బంగారు తవ్వకాల ముఠాల మీదికి మళ్లింది. నానాయ్ నది అడుగున బంగారం ఉంది. దాన్ని దొంగతనంగా తోడేవాళ్లకు ఆదివాసీల రాకపోకలు అడ్డం. ముసుగులు వేసుకుని, వీపుకు కట్టుకునే ఎగిరే యంత్రాల లాంటివి వాడి, జనాన్ని బెదరగొట్టి అడవిలోకి రాకుండా చేస్తున్నారన్నది ఆయన అంచనా. పక్కనున్న ఇకీటోస్ నగరానికి తాగునీరు వచ్చేది కూడా ఆ నది నుంచే. తవ్వకాలు జరిపేవాళ్లు బంగారాన్ని విడదీయడానికి వాడే పాదరసం ఆ నీళ్లలోనే కలుస్తుంది.

ఆ అమ్మాయి మెడ మీది గాయం నిజం. ‘ఏలియన్’ అన్న మాట దగ్గరే ప్రభుత్వం నవ్వి వదిలేసి ఉంటే, ఆ గాయం చేసినవాడి గురించి అడిగే దిక్కే ఉండేది కాదు. తమకు తెలిసిన మాటల్లోనే కదా ఎవరైనా తమ భయాన్ని చెప్పుకోగలిగేది! ఒక తరం దయ్యమంటుంది, ఇంకో తరం ఏలియన్ అంటుంది. పేరు మారినంత మాత్రాన లోపలి వణుకు అబద్ధమైపోదు.

కొంచెం ఇవతలికి వస్తే, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో కాంకేర్ జిల్లా ఉంది. చారామా ప్రాంతంలోని గుహల గోడల మీద పాత బొమ్మలున్నాయి. ముక్కూ నోరూ సరిగా లేని మనుషులు, చేతుల్లో ఆయుధాల వంటివి. 2014లో ఆ రాష్ట్ర పురావస్తు శాఖ అధికారి జె.ఆర్. భగత్ వాటిని పరిశీలించి, ఆకాశం నుంచి వచ్చినవాళ్ల బొమ్మలు కావచ్చన్నారు. గుండ్రటి వాహనంలో ఆకాశం నుంచి దిగి, ఊరివాళ్లలో ఒకరిద్దరిని ఎత్తుకుపోయే పొట్టి మనుషుల గురించి అక్కడి పెద్దలు కథలు చెబుతారు. వాళ్లను రోహెలా అంటారు. భగత్ అన్న మాటను నమ్మడం కష్టం. వేటకు ముందు ముఖానికి ముసుగు తగిలించుకుని ఆడే మనుషులు లోకమంతటా ఉన్నారు; అలాంటివాళ్ల బొమ్మలే అయి ఉండొచ్చు. అయినా ఆయన ఒక మంచి పని చేశారు. గుట్ట ఎక్కారు, ఊరివాళ్ల పక్కన కూర్చున్నారు, వాళ్లు చెప్పింది విన్నారు. ఆ కథలు బయటి లోకానికి తెలిసింది అందువల్లే.

విశాఖపట్నం సంగతి తెలుగువాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. 2017లో కట్టుబడి నడుస్తున్న ఒక భవనంలో పనివాళ్లకు మూలన నిలబడ్డ వింత జీవులు కనబడ్డాయి. తెల్లటి ముఖాలు, నల్లటి పెద్ద కళ్లు, సన్నటి పొడుగు కాళ్లు. చేతులు లేనట్టున్నాయి. మనుషుల్లాగా నిటారుగా నిలబడి, తలలు అటూ ఇటూ ఊపుతూ, తమను వీడియో తీస్తున్నవాళ్లను తేరిపార చూశాయి. ఆ వీడియో దేశాలు దాటిపోయింది. అవి గుడ్లగూబ పిల్లలు. పాత గుళ్లలో, గోదాముల్లో, పాడుబడ్డ మేడల్లో గూడు పెట్టుకునే, గుండె ఆకారపు తెల్లటి ముఖం ఉండే జాతి. ఈకలు పూర్తిగా రాకముందు ఆ పిల్లలను ఎవరు చూసినా ఉలిక్కిపడతారు. భయపడితే అవి వెనక్కి వాలి, కాళ్ల మీద లేచి, కుక్కర్ ఆవిరిలా బుసకొడతాయి. తల్లిని పోగొట్టుకున్నామన్న దిగులు వాటిది, దయ్యాన్ని చూశామన్న దిగులు మనుషులది.

మిర్యాలగూడ చుట్టూ ఇన్ని రైస్ మిల్లులు, ఇన్ని ధాన్యం గోదాములు ఉన్నాయి. ఎలుకలు ఎక్కడుంటే గుడ్లగూబ అక్కడికి చేరుతుంది. పంట నష్టాన్ని తగ్గించే రైతు నేస్తం అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది. అయినా దీపావళి దగ్గరపడేసరికి క్షుద్రపూజల పేరుతో వాటిని పట్టి అమ్మేవాళ్లు దేశంలో ఉన్నారు. మిల్లు అటక మీద వింత జీవి కనబడిందని హమాలీలు ఎవరైనా చెబితే, అక్కడికి అటవీ శాఖ మనిషి వెళ్లడానికీ కర్రలు పట్టుకున్న గుంపు వెళ్లడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

అడవిలోనూ అంతే. కృష్ణ దాటితే నల్లమల. అక్కడ ఎలుగుబంటి ఉంది. వాసన పట్టడానికో, ఎదుటివాడిని బెదిరించడానికో వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. మసక చీకట్లో, యాభై అడుగుల దూరాన, నల్లటి బొచ్చుతో మనిషంత ఎత్తున నిలబడ్డ ఎలుగును చూసిన మనిషి తర్వాత చెప్పే మాటలు విని చూడండి. రెండు కాళ్లు, పొడుగు చేతులు, ముఖం సరిగా కనబడలేదు. ప్రతి మాటా నిజమే. ఎలుగు దాడి చేస్తే ప్రాణం పోయేంత ప్రమాదం. అలాంటి సాక్ష్యాన్ని ‘ఏదో చూసి జడుసుకున్నాడు’ అని వదిలేస్తే, రేపు అదే దారిన పోయే పశువుల కాపరికి ఎవరు హెచ్చరిక చెబుతారు?

ఇవన్నీ మన నేలకు కొత్త కావు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు తెలంగాణ పల్లెల్లో ఏం జరిగిందో ఆ తరం పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు. ఎట్లాగూ పోతామని మేకలు, కోళ్లు కోసుకుని తిన్నారు. దాచుకున్న డబ్బులు ఖర్చుపెట్టారు. జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. తెల్లారి ఇక్కడ మిగిలింది ఖాళీ కొట్టం, అప్పు. 2021లో ‘స్కైలాబ్’ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఇక 1990లలో దయ్యానికి భయపడి ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న రోజులు నలభై దాటిన ప్రతివాళ్లకూ గుర్తే. పొద్దుగూకితే పిల్లల్ని బయటికి పోనిచ్చేవాళ్లు కాదు.

ఆ రెండు సందర్భాల్లోనూ భయానికి ఆకారం దొరకలేదు కాబట్టి బతికిపోయాం. ఎదుట ఎవరో ఒక మనిషి దొరికినప్పుడు కథ వేరే. 2002లో ఉత్తరప్రదేశ్‌లో ‘ముహ్‌నోచ్వా’ అనే ముఖం గీరే వింత జీవి పుకారు లేచింది. ఎగిరే వెలుగుబంతి వచ్చి గాయం చేస్తోందన్నారు. తమను కాపాడడం లేదని జనం పోలీసుల మీద తిరగబడితే, కాల్పుల్లో ఒక ప్రాణం పోయింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వీడియోలు మన రాష్ట్రంలో చేసిన పని ఇంకా దారుణం. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. బాణామతి, చేతబడి అనుమానంతో ముసలివాళ్లను హింసించిన వార్తలు చదవని ఏడాది లేదు. వింత భయం ఎప్పుడూ ఊళ్లో అందరికన్నా బలహీనమైన మనిషిని వెతుక్కుంటుంది. ఈ లేఖకు ఇంత తొందర అందుకే.

అదే 2018లో దీనికి మందు కూడా తెలంగాణలోనే దొరికింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును కేటాయించారు. వాళ్లు వారం వారం ఆ ఊరికి పోయి కూర్చుని, ఇంటింటి ముచ్చట వినేవాళ్లు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల పుకారు పైకి చేరింది అట్లానే. పుకారుకు జవాబుగా పోలీసులే డప్పు పట్టారు, పాటలు కట్టి ఊరి నడుమ పాడారు. దాదాపు 400 ఊళ్ల పరిధిలో ఆ పుకారు వల్ల ఒక్క హత్య కూడా జరగలేదు. ఆమె తర్వాత నల్లగొండ ఎస్పీగానూ పనిచేశారు. కాబట్టి ఈ పద్ధతి మీ కార్యాలయాలకు తెలియనిది కాదు.

మిమ్మల్ని అడిగేది అంతకన్నా చిన్న పని.

మొదటిది, బెలూన్ల కాలం మొదలయ్యే ముందు ప్రతి గ్రామ పంచాయతీలో చాటింపు వేయించండి. పంచాయతీ కార్యదర్శి ఫోన్‌లోకి ఒక తెలుగు వాయిస్ మెసేజ్, ఒక పారాచూట్ ఫొటో పంపితే సరిపోతుంది. మిగతాది ఊరే చూసుకుంటుంది. బతుకమ్మ ఆడే చోట, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర, బడిలో ప్రార్థన అయ్యాక చెప్పిన మాట ఒక్క పూటలో ఊరంతా తిరుగుతుంది. రాత్రిపూట చేల మీద వెలుగులు కనబడితే అవి మందు కొట్టే డ్రోన్లవి కావచ్చని, వరుసగా రైలు పెట్టెల్లా పోయే చుక్కలు స్టార్‌లింక్ ఉపగ్రహాలని కూడా అందులో చెప్పొచ్చు. అప్పుడప్పుడు నిజంగానే రాకెట్ ముక్కలు పడతాయని కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 2 రాత్రి మన సరిహద్దు అవతల చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరీలో మూడు మీటర్ల లోహపు చక్రం లాంటిది పడింది. అది ఒక చైనా రాకెట్ శకలమని నిపుణులు చెప్పారు. అలాంటిదాన్ని పిల్లలు ముట్టుకోకూడదు.

రెండోది, వింత ఏదైనా చూసినవాళ్లు చెప్పుకోవడానికి మండలానికి ఒక మనిషిని పెట్టండి. కొత్త ఉద్యోగం అక్కర్లేదు. తెల్లవారగానే ఆ చోటికి పోవడానికి ఒక బీట్ ఆఫీసరు, ఒక కానిస్టేబులు, దగ్గరి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే సారో మేడమో ఉంటే చాలు. పోగానే చూసినావిడను అందరి ముందూ నిలబెట్టి ప్రశ్నలు వేయొద్దు. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టి, ఎక్కడ చూశారు, ఏ పక్కకు పోయింది, చప్పుడు వచ్చిందా, వాసన వచ్చిందా అని అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. గాయం ఉంటే ముందు ఆసుపత్రి. ఆమె పేరు బయటికి రాకూడదు. అడుగుజాడలు, రెట్టలు, విరిగిన కొమ్మలు చూసి, తేలింది ఏమిటో సాయంత్రానికి ఊరికి చెప్పాలి. తేలకపోతే తేలలేదనే చెప్పాలి. ఆ మాటకు ఊరు భయపడదు. ఎవరూ ఏమీ చెప్పనప్పుడే భయపడుతుంది.

ఇంత చదివాక, ఏలియన్ల ముచ్చట మీద సర్కారు సమయం వృథా చేయాలా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. వాళ్లకు 2005 ఏప్రిల్ 20 నాటి సంగతి చెప్పండి. హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచే, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నాయకత్వంలో, ఇస్రో సాయంతో ఒక పెద్ద బెలూన్‌ను ఎగరేశారు. 459 కిలోల పరికరాలు, వాటిని చల్లగా ఉంచడానికి 38 కిలోల ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చి, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ పుణెలోనూ పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల సముదాయాలు దొరికాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా అంతకుముందు ఎవరూ చూడని జాతులు. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టి 2009లో ప్రకటించారు. అవి భూమి బయటి నుంచి వచ్చాయని రుజువు కాలేదని శాస్త్రవేత్తలే చెప్పారు, ఇంకా వెతకాలనీ చెప్పారు. పైన ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న మన నేల మీదే, మన బెలూన్ కట్టుకుని ఆకాశం ఎక్కింది. మొగిలిగుండ్ల చేలో తల ఎత్తి చూసినవాళ్ల ప్రశ్న కూడా అదే. శాస్త్రవేత్తకు దొరికిన గౌరవం వాళ్లకూ దొరకాలి.

చివరగా మరో కోరిక. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. లింగమంతుల స్వామి దగ్గరికి లక్షల మంది వస్తారు. వచ్చే జాతరలో గట్టు కింద ఒక చిన్న టెంట్ వేయించండి. బెలూన్ కేంద్రాన్ని అడిగి ఒక వాడేసిన పారాచూట్, ఒక ఖాళీ పరికరాల పెట్టె, చిరిగిన బెలూన్ ముక్క తెప్పించండి. పక్కనే గుడ్లగూబ పిల్ల ఫొటో, నిలబడ్డ ఎలుగుబంటి ఫొటో పెట్టండి. బోనం దించి వచ్చే అమ్మలను, సంకలోని పిల్లలను లోపలికి రానివ్వండి. ఆకాశమంత ఎత్తుకు పోయి వచ్చిన ఆ పలుచటి పొరను వాళ్ల వేళ్ల నడుమ నలిపి చూసుకోనివ్వండి. అక్కడే ఒక మూల కుర్చీ వేసి, నోట్‌బుక్కుతో ఒక మనిషిని కూర్చోబెట్టండి. తమ ఊరి గుట్ట మీద ఎప్పుడో ఏదో చూసి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనివాళ్లు ఆ కుర్చీ దగ్గరికి వస్తారు.

ఇట్లు,
మీ జిల్లాల పౌరుల్లో ఒకరు